మా అక్క ఒక్కపొద్దులు

కంట్లో పొర తీయించుకోవడానికి అనంతపురం వచ్చి పది రోజులు మా అక్క ఇంట్లో ఉన్నాను. ఒక కంటికి కట్టు, ఇంకో కంటితోనే చూపు. ఆ ఒక్క కంటితో చూసింది కూడా ఎక్కువైపోయింది. భోజనం బల్ల చుట్టూ కూర్చున్న మనుషులను చూసి అసహ్యం వేయడం నా అరవై రెండేళ్ళ బతుకులో అదే మొదలు. వాళ్ళు పరాయివాళ్ళు కూడా కాదు. మా బావ, అక్క కొడుకు, కోడలు, మనవరాలు.

నా పేరు ఆంజినమ్మ. గుంతకల్లులో రైల్వే ఉద్యోగుల పిల్లలకు ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా నోరు దురుసని ఆ పిల్లలే కాదు, వాళ్ళ తల్లిదండ్రులు కూడా ఒప్పుకుంటారు. మా అక్క బయమ్మకు అసలు నోరే లేదు. మాది యాడికి దగ్గర పల్లె. అక్కను ఆ పక్క ఊళ్ళోనే ఇరవై ఎకరాల మెట్ట ఉన్న పుల్లన్నకు ఇచ్చారు. ఏటా శెనక్కాయ వేశారు, వాన కోసం చూశారు, బోర్లు తవ్వించారు, బోర్లలోంచి దుమ్ము లేస్తుంటే చూశారు. చివరికి కొడుకు చైతన్య ప్లాట్ల వ్యాపారంలో నిలదొక్కుకుంటే తొమ్మిదేళ్ళ కింద అందరూ టౌనుకు వచ్చేశారు. కొత్త కాలనీలో మేడ కట్టారు. మేడ ఉంది గానీ కుళాయి మాత్రం మూడు రోజులకోసారి వస్తుంది.

వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద మూడు కాగితాలు అంటించి ఉన్నాయి. వచ్చిన రోజు అవి కరెంటు బిల్లులనుకున్నాను. దగ్గరికి వెళ్ళి ఒంటి కన్ను పెట్టి చూస్తే తిండి పట్టికలు.

మొదటిది చైతన్యది. వాడికి ముప్పై ఆరేళ్ళు, సాయంత్రం జిమ్ముకు పోతాడు. రాత్రికి నూటయాభై గ్రాముల కోడిమాంసం, నూనె లేకుండా, ఉప్పు లేకుండా, ఉడకబెట్టి. దాంతో ఆరు గుడ్ల తెల్లసొన. పచ్చసొన వాడికి పనికిరాదు. మాంసం తూచడానికి వంటింటి గట్టు మీద చిన్న కాటా కూడా ఉంది. ఉప్పు లేకుండా ఉడికే ఆ కోడి వాసన ఎట్లా ఉంటుందంటే, తడిసిన కోడిని ఎవరో మన మొహం మీద పెట్టినట్టు ఉంటుంది. ఛీ!

రెండోది కోడలు లహరిది. బ్యాంకులో పనిచేస్తుంది. ఎవరో యోగా గురువుగారి క్లాసులో చేరినప్పటి నుంచి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లి, వెల్లుల్లి, మానేసింది. సాయంత్రం ఏడు దాటితే మంచినీళ్ళు తప్ప ముట్టదు. కాబట్టి ఆరున్నరకే ఆమె కొర్రన్నం, ఉడికించిన కూరగాయలు బల్ల మీదికి రావాలి. గరిటెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. "అత్తా, ఇది ఎర్రగడ్డలకు తగిలిందేనా?" అంటుంది. మా అక్క "లేదమ్మా" అంటుంది. అయినా కడిగిస్తుంది. మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళతో!

"కొర్రలు చానా మంచివి చిన్నత్తా, మీరు ఎప్పుడన్నా తిన్నారా?" అని నన్ను అడిగింది ఆ అమ్మాయి.

నేనూ అక్కా కరువు సంవత్సరాల్లో కొర్రన్నం తినే పెరిగాం. వరి అన్నం పండగ నాడే. "తిన్నాలేమ్మా, ఒకట్రెండు తూర్లు" అన్నాను. అక్క అటు తిరిగి నవ్వుకుంది.

మూడోది హరితది. ఎనిమిదేళ్ళ మనవరాలు. నూడిల్స్ తింటుంది, తెల్లన్నం పెరుగు తింటుంది, అంతే. పచ్చగా ఏది కనబడినా వేలితో ఏరి బల్ల గుడ్డకు రుద్దుతుంది. "జేజీ, దీంట్లో ఏందో ఉండాది!" అని కేక వేస్తుంది. జేజి పరిగెత్తుకుని వస్తుంది. ఉన్నది కొత్తిమీర రెబ్బ. ఆ పళ్ళెం వెనక్కి పోతుంది, ఇంకో ప్యాకెట్ పొయ్యి మీదికి ఎక్కుతుంది.

మా బావకు కాగితం లేదు. ఆయనకు గొంతు ఉంది. రాత్రి అన్నం ముట్టడు, రాగి సంగటే. అది కూడా తెడ్డుతో గెలికి దించిన నిమిషంలో కంచంలో పడాలి. ఆయన వచ్చి కూర్చున్నాకే దించాలి. "ఏమే, చల్లబడినాక తినేదానికి అది సంగటా, బండరాయా?" అంటాడు. నలభై ఏళ్ళ నుంచి అదే మాట. తిన్నాక లేచి పోయి చేయి కడుక్కోడు, కంచంలోనే కడిగి, అందులోనే పుక్కిలించి ఉమ్ముతాడు. ఆ కంచం తీసేది మా అక్క.

నేను వచ్చింది ఆదివారం, ఆపరేషన్ అయింది సోమవారం. కంట్లో నీళ్ళు పడకూడదు, వంగకూడదు, పొయ్యి సెగ తగలకూడదని కంటి డాక్టరు చెప్పాడు. అందుకని వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా చక్కెర నేనే తెచ్చుకున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో చక్కెర లేదు. చైతన్య తినడు. లహరి దృష్టిలో అది తెల్ల విషం. అక్కకు షుగరు జబ్బు. నాకు మాత్రం చక్కెర లేని టీ గొంతు దిగదు. నా సంచిలోంచి పొట్లం తీసినప్పుడల్లా లహరి, "చిన్నత్తా, మళ్ళీ ఇసమా?" అని మూతి విరిచేది. "అవునమ్మా, ఈ ఇసం తిని ఇంకా సావలేదు" అనేదాన్ని.

మంగళవారం రాత్రి అందరూ తిని లేచారు. అక్క ఫోన్లో అంతకు ముందే, ఏడున్నరకు, అలారం మోగింది. అది ఇన్సులిన్ అలారం. అక్క గట్టు పక్కన నిలబడి, పొట్ట మీద సూది గుచ్చుకుని, చీర సర్దుకుని మళ్ళీ గరిటె పట్టుకుంది. ఆ సూది వేసుకున్నాక అరగంటలో తినాలని నాకు తెలుసు. మా ఆయన పోయేదాకా ఆయనకు నేనే వేశాను. ఎనిమిది దాటింది. ఎనిమిదింపావు అయింది.

"అక్కా, నువ్వు తినవా?"

"నాకీ పొద్దు ఒక్కపొద్దు మే. మంగళవారం గదా, ఆంజనేయస్వామికి."

సరేలే అనుకున్నాను. మా వైపు ఎవరికి ఇష్టమైన దేవుడికి వాళ్ళు ఒక వారం పట్టుకుని ఒక పూటే భోంచేస్తారు. ఆ ఇంట్లో బావకు శనివారం, లహరికి గురువారం. ఒక్కపొద్దు అంటే ఆ రాత్రికి ఒక వంట తగ్గుతుందనుకుంటారు చదివేవాళ్ళు. తగ్గదు, పెరుగుతుంది. ఒక్కపొద్దు ఉన్నవాళ్ళకు రాత్రి పలహారం కావాలి. బావకు శనివారం ఉగ్గాని కావాలి, బొరుగులు నానబెట్టి వేడివేడిగా తాలింపు వేసి, పైన శెనక్కాయ పొడి చల్లి. లహరికి పండ్ల ముక్కలు, పల్చటి మజ్జిగ కావాలి. అక్క ఒక్కపొద్దుకు మాత్రం ఏ పలహారమూ నాకు కనబడలేదు.

బుధవారం రాత్రి మళ్ళీ అడిగాను.

"ఒక్కపొద్దు మే."

"బుధవారం ఏం ఒక్కపొద్దే? ఏ దేవునికి?"

అక్క తడబడింది. "అయ్యప్పకు" అంది. అయ్యప్పకు బుధవారం అని నేను ఎప్పుడూ వినలేదు.

గురువారం నాకు దాహమేసి వంటింట్లోకి వెళితే అక్క సింకు ముందు నిలబడి ఉంది. చేతిలో ఒక స్టీలు గిన్నె. అందులో చైతన్య వదిలేసిన ఆరు పచ్చసొనలు, హరిత సగం తిని వదిలేసిన నూడిల్స్, బావ గిన్నె అడుగున అంటుకుపోయిన సంగటి మాడు, అన్నీ కలిపి ఉన్నాయి. నూడిల్స్ మీద పిల్ల పళ్ళు పడిన గుర్తులు కూడా ఉన్నాయి. అక్క దాన్ని నిలబడే తింటోంది, ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తూ.

"ఏందక్కా అది? కుక్కకు కూడా ఇట్ల కలిపి పెట్టరు గదే!"

"అరవద్దు మే. పారేస్తే ఎట్ల? కరువులో పుట్టినోళ్ళం."

"నీకు సపరేటుగా ఇంత వండుకోవచ్చు గదా!"

"ఐదు వంటలు చేసినంక ఆరోది చేసే ఓపిక యాడుంటాది? ఇంత మిగిలితే తింటా. మిగలకపోతే ఒక్కపొద్దు అంటా, వారానికి నాలుగు దినాలు. ఎవురూ ఏమీ అడగరు."

"ఎన్నాళ్ళ నుంచి?"

అక్క ఆలోచించింది. "హరిత పళ్ళొచ్చినప్పటి నుంచి" అంది.

అంటే ఏడేళ్ళు. ఏడేళ్ళుగా వారానికి నాలుగు దినాలు ఒక మనిషి రాత్రి పూట తినకపోతే, ఆమెకు దైవభక్తి ఎక్కువని ఇంట్లో అందరూ సంతోషించారు. బావ అయితే నాతో గొప్పగా కూడా చెప్పాడు: "మీ అక్క మాదిరి ఒక్కపొద్దులు ఉండేవాళ్ళు ఈ కాలనీలోనే లేరు ఆంజినమ్మా." ఆ రోజు నేనూ తల ఊపాను.

బావతో చెబుతానన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. దేవుని పేరు మీద అబద్ధమాడినానని తెలిస్తే మొహం ఎత్తుకోలేనని ఏడ్చింది. అందుకని నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్నందుకు ఈ రోజుకూ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

శనివారం వచ్చింది. బావ ఒక్కపొద్దు. ఆ రోజు వంటింట్లోకి నీసు రాకూడదు. రాకూడదంటే చైతన్య మానేస్తాడా? వాడి కోడి కోసం మిద్దె మీద ఇంకో పొయ్యి ఉంది, దానికి వేరే గిన్నెలు, వేరే గరిటెలు. పద్దెనిమిది మెట్లు. అక్కకు అరవై ఐదేళ్ళు. కింద లహరి కొర్రన్నం అయ్యేసరికి పైన కోడి ఉడకాలి. పైకి పోయి వచ్చిన ప్రతిసారీ కాళ్ళు చేతులు కడుక్కుని గానీ కింద గిన్నె ముట్టకూడదు. నేను కుర్చీలో కూర్చుని లెక్కపెట్టాను. ఆ సాయంత్రం అక్క ఏడు సార్లు ఎక్కి దిగింది.

ఏడున్నరకు అలారం మోగింది. అక్క సూది వేసుకుంది.

"అక్కా, ముందు ఇంత తిను" అన్నాను.

"తింటాలే. మీ బావ కూర్చున్నాడు."

బావ ఉగ్గాని తిన్నాడు. కారం తక్కువైందన్నాడు. అక్క మిరపకాయలు నూరి మళ్ళీ తాలింపు వేసింది. హరిత నూడిల్స్‌లో కరివేపాకు వాసన వస్తోందని పళ్ళెం తోసేసింది. ఇంకో ప్యాకెట్. అప్పుడు చైతన్య జిమ్ము నుంచి వచ్చి, కాటాను హాలులోకి తెచ్చుకుని మాంసం తూచి చూశాడు.

"అమ్మా, నూటయాభై అని రాసినా గదా. ఇది నూటముప్పై ఉండాది."

"ఉడికితే తగ్గుతాది నాయనా."

"ఉడికినంక నూటయాభై ఉండాలమ్మా. ఎన్నితూర్లు చెప్పాల నీకు?"

అక్క మెట్ల వైపు తిరిగింది. రెండడుగులు వేసింది. గోడ పట్టుకుంది. మెట్లు ఎక్కకుండా వెనక్కి వచ్చి ఫ్రిజ్ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. మొహమంతా చెమట. రవిక తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నేను పేరు పెట్టి పిలిస్తే నన్ను చూసి, "అమ్మా, గొడ్లకు నీళ్ళు పెట్టినావా?" అని అడిగింది. మా అమ్మ పోయి ఇరవై మూడేళ్ళయింది.

షుగరు పడిపోయింది. నాకు అర్థమైంది. నా సంచి దగ్గరికి ఒక్క అంగలో పోయి చక్కెర పొట్లం తెచ్చాను. గ్లాసులో గుప్పెడు పోసి నీళ్ళు కలుపుతుంటే, ఒక్కపొద్దని రెండు తూర్లు ఉగ్గాని తిన్న మా బావే లేచి వచ్చాడు.

"వద్దు వద్దు ఆంజినమ్మా! శనివారం, ఒక్కపొద్దు ఉండాది ఆమె. నోట్లో ఏమన్నా ఏస్తే చెడిపోతాది. ఇంత తులసి నీళ్ళు పొయ్యి, సర్దుకుంటాది."

"షుగర్ పేషెంటుకు చక్కెర పోస్తారా చిన్నత్తా? ఇంకా ఎక్కువ అవుతాది!" అని లహరి నా మోచేయి పట్టుకుంది.

చైతన్య ఫోన్లో ఏదో వెతుకుతున్నాడు.

తల్లి నేల మీద పడి ఉంది. ఒకరు ఒక్కపొద్దు కాపాడుతున్నారు, ఒకరు పథ్యం కాపాడుతున్నారు, ఒకడు ఫోను చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లహరి చేతిని విదిలించి కొట్టాను.

"నోరు మూసుకోండి అందరూ! ఆమెకు ఒక్కపొద్దూ లేదు, నా తలకాయా లేదు! మీరు తిని వదిలేసిన ఎంగిలి ఆమె తిండి. ఈ పొద్దు అదీ తిననియ్యలేదు మీరు. సూది వేసుకుని గంటయింది. జరుగు బావా!"

అక్క తల ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగించాను. సగం నీళ్ళు నా చీర మీదే పోయాయి. పావుగంటకు చూపు కుదురుకుంది. నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టగానే అడిగిన మొదటి మాట, "చైతన్య తిన్న్యాడా?"

ఆ మాటకు కూడా నాకు అసహ్యమే వేసింది, ఎవరి మీద అని చెప్పలేను.

కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టి ఆ రాత్రికి ఉంచుకున్నారు. పొద్దున డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసు అమ్మాయి. చీటీ మీద రాసుకుంటూ అడిగింది: "రాత్రి సూది వేసుకున్నాక ఈమె ఏం తింటుంది?"

"సంగటి" అన్నాడు బావ.

"చపాతీ" అన్నాడు చైతన్య.

"కొర్రన్నమే, నాతో పాటే వండుకుంటాది" అంది లహరి.

ముగ్గురూ ఒకేసారి చెప్పారు. డాక్టరమ్మ తల ఎత్తి, "మూడూనా?" అంది.

తమ తిండి గ్రాముల లెక్కన చెప్పగలిగిన మనుషులు వీళ్ళు. మిగిలింది తింటుందని, మిగలకపోతే ఒక్కపొద్దు అంటుందని నేనే చెప్పాను. డాక్టరమ్మ కలం ఆగిపోయింది. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని, ఇక నుంచి సూది వేసుకున్న అరగంటలో ఇంట్లో అందరికంటే ముందు ఆమే తినాలని గట్టిగా చెప్పి, ఆహార పట్టిక రాసిచ్చి వెళ్ళిపోయింది.

"అడిగింటే పెట్టేవాళ్ళం గాదా?" అన్నాడు బావ, గొంతు తగ్గించి.

"ఎవరు పెట్టేవాళ్ళు బావా? చేసేది ఆమే గదా."

ఆయన బయటికి పోయాడు. మిగతా ఇద్దరూ బిల్లు కట్టడానికని లేచారు. మేమిద్దరమే మిగిలాం.

"అంజీ," అంది అక్క, "దేవుని పేరు చెప్పి ఇన్నాళ్ళు అబద్ధమాడినా. అందుకే స్వామి పడేసినాడు. తప్పు తీర్చుకోవాల. పదకొండు శనివారాలు నిజం ఒక్కపొద్దు ఉంటానని రాత్రే మనసులో మొక్కుకున్నా."

తిండి లేక పడిపోయిన మనిషి ఇంకా పస్తుంటానని మొక్కుకుంది! నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నీ బుద్ధి కాలిపోనూ!" అని తిట్టాను. మంచం పక్కన నిలబడి తిడుతూ తిడుతూ ఒక మాట దగ్గర నాలిక ఆగిపోయింది. ఐదు వంటలు అంది అక్క. బావది, చైతన్యది, లహరిది, హరితది. నాలుగే. ఐదోది నాది. కంటి పథ్యమని చింతపండు లేని పప్పు, మెత్తటి అన్నం, రోజూ ఏడింటికి నా కుర్చీ దగ్గరికే వేడివేడిగా వచ్చేది. నేను తిని, చేయి కడుక్కుని, మళ్ళీ కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళను చూసి మూతి ముడిచేదాన్ని. ఏడు సార్లు మెట్లెక్కిందని లెక్కపెట్టాను గానీ ఒక్కసారి కూడా నేను లేవలేదు.

మంచం అంచు మీద కూర్చుని అక్క దుప్పటి సర్దాను.

తర్వాత ఆలోచించాను. డాక్టరమ్మ చీటీ ఆ ఇంట్లో పనిచేయదు. నా అరుపులు నేను గుంతకల్లు బండెక్కేదాకే పనిచేస్తాయి. ఆ ఇంట్లో అందరూ భయపడేది దేవుడికొక్కడికే. నా కన్ను తుడుచుకోవడానికి ఇచ్చిన తెల్ల గుడ్డ తీసి, ఆసుపత్రి వరండాలోని దేవుడి పటం దగ్గర పసుపు అద్దుకుని వచ్చాను. నా పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి అక్క చేతిలో పెట్టాను.

"ముడుపు కట్టు. కసాపురం ఆంజనేయస్వామికి."

"ఏమని?"

"నలభై ఒక్క దినం, రాత్రి పూట ఇంట్లో అందరికంటే ముందు నేనే వేడివేడిగా కడుపునిండా తింటా, నేను తిని లేచేదాకా ఎవురూ ఎంగిలి పడరు, అని."

"అట్ల మొక్కు ఉంటాదా యాడన్నా?"

"పస్తుంటానని మొక్కుకుంటే లేనిది, తింటానని మొక్కుకుంటే తప్పా? ఆ పదకొండు శనివారాల బదులు ఇది. స్వామికి నీ మీద కోపముంటే చక్కెర పొట్లం నా సంచిలో ఎందుకు పెట్టించినాడు?"

అక్క చాలాసేపు బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, మూడు ముళ్ళు వేసింది. అబద్ధం కాదు, నిజమైన మొక్కే.

మధ్యాహ్నం ఇంటికొచ్చాం. మేము కాళ్ళు కడుక్కునే లోపల లహరి డాక్టరమ్మ చీటీని ఫ్రిజ్ తలుపు మీద అంటించింది, నాలుగో కాగితం. "అత్తా, మీది కూడా పెట్టినా. చూసి చేసుకోండి" అంది.

నేను చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయాను. చేసుకోవాలట! అక్క మాత్రం కొంగులోంచి ముడుపు తీసి, ఆ కాగితం పక్కనే ఫ్రిజ్ పిడికి కట్టింది. కట్టి, మొక్కు ఏమిటో చెప్పింది. నేను చెప్పలేదు, ఆమే చెప్పింది.

బావ ఫ్రిజ్ వైపు చూసి చేతులు జోడించాడు. "కసాపురమయ్యకా? అయితే ఆడుకునే పనిగాదు" అన్నాడు. ఏడు దాటితే తినని లహరి నిమిషం ఆలోచించి, "మొక్కు గదా, ఈ నలభై దినాలు ఏడున్నర తర్వాతే తింటాలే" అంది. గురువుగారి మాట అంత తొందరగా వంగుతుందని నాకు తెలియదు. చైతన్య కూడా, "తప్పకూడదమ్మా" అన్నాడు. తల్లి నేల మీద పడి వణికితే కదలని మనుషులు, రూపాయి బిళ్ళ కట్టిన గుడ్డ ముక్కను చూసి కదిలారు. నాకు వాళ్ళ మీద అంతకుముందున్న అసహ్యం ఒక పిసరు కూడా తగ్గలేదు. పెరిగిందనే చెప్పాలి. అయినా పని అయింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నేనే నిలబడ్డాను. కంటి డాక్టరుకు ఈ సంగతి చెప్పొద్దు. ఎసట్లో నూకలు ఉడికాక రాగిపిండి పోసి తెడ్డుతో గెలికాను. శెనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరి ఊరుబిండి చేశాను. తెల్లగడ్డ వాసనకు లహరి ముక్కు మూసుకుంది గానీ నోరు తెరవలేదు.

ఏడున్నరకు అలారం మోగింది. అక్క సూది వేసుకుంది. బల్ల దగ్గర కుర్చీ జరిపి కూర్చోమంటే అంచు మీద కూర్చుంది, ఎప్పుడైనా లేవాల్సి వస్తుందన్నట్టు. నలుగురూ ఎదురుగా ఖాళీ కంచాల ముందు కూర్చున్నారు. సంగటి ముద్ద చేసి కంచంలో వేశాను. పొగలు వచ్చాయి. అక్క వేళ్ళు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కాలుతాంది మే."

"వేడిది కాలక ఏం చేస్తాది? ఊదుకుని తిను."

అక్క వేళ్ళను చూసుకుంది. "ఎన్నేండ్లయిందో, చేతికి సంగటి కాలి" అంది.

ఫిర్యాదుగా అనలేదు. గుర్తు చేసుకుంటున్నట్టు అంది. నలభై ఏళ్ళు చల్లబడిన సంగటిని బండరాయి అన్న మనిషి ఎదురుగానే కూర్చుని ఆ మాట విన్నాడు. తల వంచుకుని ఖాళీ కంచాన్ని చూస్తూ ఉండిపోయాడు. అక్క ముద్ద తుంచి ఊరుబిండి అద్దుకుని నిదానంగా తింది. రెండోది అడిగింది. అది తినేదాకా ఎవరూ కదల్లేదు. హరిత మధ్యలో "జేజీ, ఆకలి" అంటే బావే దాని నోరు మూశాడు.

కట్టు విప్పాక గుంతకల్లుకు వచ్చేశాను. రోజూ ఏడున్నరకు ఫోన్ చేసేదాన్ని. "తింటాండా" అనేది అక్క. నలభై ఒక్క రోజులు గోడ మీద కాలెండరులో గీతలు గీశాను. నలభై రెండో రోజు సాయంత్రం నుంచే నాకు కాలు నిలవలేదు. మొక్కు తీరిపోయింది. మళ్ళీ సింకు ముందు స్టీలు గిన్నె పట్టుకుని నిలబడి ఉంటుందనే అనుకున్నాను. ఏడున్నర కాగానే ఫోన్ చేశాను.

"ఏం చేస్తాండావు అక్కా?"

"తింటాండా."

"ముందేనా?"

"ముందే. అందరూ కూర్చోనుండారు."

"మండలం నిన్నటితో అయిపాయ గదా. ఎట్ల ఊరుకున్నారు?"

అక్క గొంతు తగ్గించింది. నోట్లో ముద్ద ఉన్నట్టుంది.

"నిన్న రాత్రే ఇంకోటి కట్టినా. ఎన్ని దినాలకని మీ బావ అడిగినాడు. మొక్కు బయటికి చెప్పకూడదన్నా."

కాలెండరు మీద నలభై రెండో గీత గీశాను.

"పెట్టేయ్ మే," అంది మా అక్క, "సంగటి చల్లబడతాది."